చిన్నపిల్లలతో మొదటిసారి క్రూజ్: ఎక్కే పూట, దిగే ముందు రాత్రి

ఓడ దిగే రోజు పొద్దున్నే ఆరున్నరకి చూసుకుంటే మా పెద్దాడికి కాళ్లకు వేసుకోవడానికి ఏమీ లేదు. ముందు రాత్రి సర్దుడు హడావుడిలో బూట్లూ చెప్పులూ అన్నీ పెట్టెల్లోకి పోయాయి, పెట్టెలు కారిడార్‌లోకి పోయాయి, తెల్లారేసరికి సిబ్బంది వాటిని తీసుకెళ్లిపోయారు కూడా. అయిదేళ్లవాణ్ణి సాక్సులతోనే మావారు భుజాన వేసుకుని, టెర్మినల్‌లో వందలకొద్దీ పెట్టెల మధ్య మా నీలం పెట్టె కోసం వెతికారు. వెనకాల నేను, చంకలో పద్నాలుగు నెలల పాప, చేతిలో మడతపెట్టిన స్ట్రోలర్.

నాలుగు రాత్రుల ఆ ప్రయాణంలో మమ్మల్ని ఏడిపించినవి రెండే పూటలు: ఓడ ఎక్కిన మధ్యాహ్నం, దిగే ముందు రాత్రి. నడుమ రోజుల గురించి మేం పడ్డ బెంగంతా దండగే అయింది. సముద్రం ఎలా ఉంటుందో, పిల్లలు ఏం తింటారో అని నెల రోజులు తెగ ఆలోచించాం కానీ ఆ రెండు పూటల సంగతి మాకెవరూ చెప్పలేదు. మీరు మొదటిసారి వెళ్తుంటే ముందు వాటికి సిద్ధపడండి. టికెట్ కొనడం దగ్గర్నుంచి వరసగా చెప్తాను.

ముందు పిల్లల వయసు, తర్వాతే ఓడ

ఓడల ఫొటోలు చూడకముందే, ప్రయాణం రోజుకి మీ పిల్లలకి ఎన్ని నెలలు నిండుతాయో ఒక కాగితం మీద రాసుకోండి. చాలా క్రూజ్ సంస్థలు 6 నెలలు నిండని పిల్లల్ని ఎక్కించుకోవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకు, వరసగా మూడు రోజులో అంతకంటే ఎక్కువో రేవు తగలని ప్రయాణాలకు ఆ హద్దు సాధారణంగా 12 నెలలు. టికెట్ కొన్న రోజు వయసుతో పనిలేదు, ఎక్కే రోజుకి నిండాలి. ఇంకో బిడ్డ కడుపులో ఉంటే మరో లెక్క ఉంది. ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి అడుగుపెట్టేవాళ్లను చాలా సంస్థలు ఎక్కనివ్వవు.

ప్రకటనల్లో కనబడని అసలు గీత డైపర్. ఓడల్లోని పిల్లల క్లబ్బులు చాలావరకు 3 ఏళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లల్నే తీసుకుంటాయి. కొన్నిచోట్ల 2 ఏళ్లకే తీసుకుంటారు. మామూలు పూల్‌లోకి మాత్రం డైపర్ వేసుకునే పిల్లల్ని చాలా ఓడల్లో దిగనివ్వరు, నీళ్లలో వేసే స్విమ్ డైపర్ వేసినా సరే. అంటే డైపర్ మానని రెండున్నరేళ్ల పిల్లాడికి అంత పెద్ద ఓడలో సగం తలుపులు మూసే ఉంటాయి. ఆర్నెల్లు ఆగి వెళ్తే అదే ఓడ వాడికి రెండింతలవుతుంది. వాయిదా వేసుకునే వీలుంటే వేసుకోమనే నా సలహా.

వీల్లేకపోతే నర్సరీ ఉన్న ఓడ వెతకండి. డిస్నీ ఓడల్లో 6 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లల్ని గంటల లెక్కన డబ్బు తీసుకుని చూసుకునే నర్సరీ ఉంది. రాయల్ కరీబియన్ ఓడల్లో కూడా చాలావాటిలో ఉంది. 2024 జనవరిలో తొలి ప్రయాణానికి బయల్దేరిన ఐకన్ ఆఫ్ ద సీస్‌లోనైతే చిన్నపిల్లలున్న కుటుంబాల కోసమే సర్ఫ్‌సైడ్ అని ఒక పేటలాంటిది కట్టారు. కానీ పెద్ద ఓడ అంటే పెద్ద నడక. ఆ ఓడ పొడవు 365 మీటర్లు, డెక్కులు, అంటే అంతస్తులు, 20. క్యాబిన్ ఒక చివర, పిల్లలు ఆడుకునే చోటు ఇంకో చివర ఉంటే, మర్చిపోయిన నీళ్ల సీసా కోసం వెళ్లి రావడమే ఒక వాహ్యాళి.

మొదటిసారికి 3 నుంచి 5 రాత్రులు చాలు. రోజుకో రేవు ఉన్న దారికంటే, నడుమ కనీసం ఒక రోజంతా సముద్రం మీదే గడిచే దారి మేలు. రోజూ దిగి ఎక్కడమంటే రోజూ బ్యాగులు, రోజూ క్యూలు, రోజూ పగటి నిద్ర ఎగ్గొట్టడం. కరీబియన్ వైపు వెళ్లేవాళ్లు జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుపాన్ల కాలమని గుర్తుపెట్టుకోండి. తుపానుంటే ఓడ చుట్టూ తిరిగి వెళ్తుంది, పిల్లలకు చూపిస్తామని చెప్పిన దీవి పోయి ఇంకో రేవు వస్తుంది. అలాస్కాలో ఇన్‌సైడ్ ప్యాసేజ్ దారి దీవుల చాటున సాగుతుంది కాబట్టి నీళ్లు చాలావరకు నిలకడగా ఉంటాయి. ఊపంటే భయపడేవాళ్లకు అలాంటి దారి నయం.

క్యాబిన్: పై డెక్ పటం, కింది డెక్ పటం కూడా చూడండి

మీ క్యాబిన్ ఉన్న డెక్ పటం ఒక్కటే చూస్తే చాలదు. నెత్తిమీద పూల్ డెక్ ఉంటే తెల్లవారుజామున కుర్చీలు లాగే చప్పుడుకి పిల్ల లేస్తుంది. కాళ్లకింద థియేటరో డాన్సు హాలో ఉంటే రాత్రి పడుకోదు. పైనా కిందా క్యాబిన్లే ఉన్న డెక్ ఎంచుకోండి. ఊపు తక్కువ తెలిసేది ఓడ నడుమన, కింది డెక్కుల్లో. తూగుడుబల్ల సంగతి తెలుసుగా, చివర్లు లేచి పడుతుంటే నడిమి భాగం పెద్దగా కదలదు.

నలుగురు పట్టే క్యాబిన్లు తొందరగా అయిపోతాయి. దానికొక కారణం లైఫ్ బోట్లు. ప్రమాదం వస్తే ఏ క్యాబిన్ వాళ్లు ఏ చోట చేరాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ చోటుకి కేటాయించిన బోట్లలో ఎంతమందికి చోటుందో అంతమందినే ఆ క్యాబిన్లలోకి తీసుకుంటారు. అందుకే క్యాబిన్‌లో మూడో మంచం, నాలుగో మంచం ఉన్నా ఒక్కోసారి ఇద్దరికే ఇస్తామంటారు. ఆ లెక్కలో పాపాయి కూడా ఒక మనిషే, ఒళ్లో పెట్టుకుంటామంటే కుదరదు.

ఆ మూడో, నాలుగో మంచాలు తరచు గోడలోంచో పైకప్పులోంచో దిగే పైబెర్తులు. ఆరేళ్లలోపు పిల్లల్ని పైన పడుకోబెట్టకండి, వాడు ఎంత మారాం చేసినా. పాపకి మడతపెట్టే తొట్టి మంచం చాలా ఓడల్లో ఊరికే ఇస్తారు, కానీ టికెట్ కొన్నప్పుడే అడిగి రాయించుకోవాలి. దాన్ని వేశాక క్యాబిన్‌లో అడుగు తీసి అడుగు వేసే చోటుండదు. మేం రెండో రోజుకల్లా పక్కకి తిరిగి నడవడం నేర్చుకున్నాం.

బాల్కనీ తీసుకోవాలా అక్కర్లేదా అన్న దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నా ఓటు బాల్కనీకే. పిల్లలు ఎనిమిదింటికి పడుకుంటే మీరు కూడా చీకట్లో మంచం చివర కూర్చుని ఊపిరి బిగబట్టుకోవాలి. బాల్కనీ ఉంటే తలుపు దగ్గరకేసి అక్కడ కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. అయితే ఎక్కిన వెంటనే ఆ తలుపు గొళ్లెం ఎంత ఎత్తులో ఉందో, మీ వాడు తీయగలడో లేదో చూడండి. కుర్చీలు, బల్ల రెయిలింగ్‌కి దూరంగా లాగేయండి. ఎక్కే అలవాటున్న పిల్లాడైతే వాటిని బయటికి తీసేయమని క్యాబిన్ చూసుకునే మనిషిని అడగండి. సముద్రం చూపిద్దామనైనా, ఫొటో కోసమైనా పిల్లల్ని రెయిలింగ్ మీదికి ఎత్తొద్దు. ఓడలో నేను ఒప్పుకోని సరదా అదొక్కటే.

కిటికీ లేని లోపలి క్యాబిన్‌కీ ఒక సుగుణముంది. లైటు తీసేస్తే మధ్యాహ్నం రెండు గంటలకే అర్ధరాత్రి. పగటి నిద్రకి అంత మంచి గది ఇంట్లో కూడా దొరకదు. చిన్న బెడ్‌ల్యాంపు మాత్రం తీసుకెళ్లండి. బాత్రూమ్ నీళ్లు బయటికి రాకుండా అక్కడ గడప ఎత్తుగా కడతారు, చీకట్లో దాన్ని తన్నుకుని పడేది పిల్లలు కాదు, మనమే.

కాగితాలు

ఇందులో చెప్పడానికి పెద్దగా లేదు, తప్పడానికి మాత్రం చాలా ఉంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాస్‌పోర్టుకి ప్రయాణం ముగిశాక ఇంకా 6 నెలల గడువు ఉండేలా చూసుకోండి, పిల్లల పాస్‌పోర్టుల గడువు పెద్దవాళ్లకంటే తక్కువని చాలామంది మర్చిపోతారు. తరచు ఓడ ఒక దేశం నుంచి బయల్దేరి, వేరే దేశం రేవు తాకి, మళ్లీ మొదటి దేశానికే వస్తుంది. కాబట్టి ఆ దేశానికి వీసా అవసరమైన వాళ్లయితే ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసా సరిపోదేమో ముందే కనుక్కోండి. తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం వెంట ఉండాలి.

బీమా తీసుకోండి. అందులో, నడిసముద్రం నుంచి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో ఆ ఒక్క ముక్కా వెతికి చదవండి. ఓడలో డాక్టరు, నర్సులు ఉంటారు కానీ పిల్లల డాక్టరు ఉంటారని అనుకోవద్దు, చూసినందుకు వేరే బిల్లు కూడా వేస్తారు. విమానంలో వెళ్లి ఓడ ఎక్కేవాళ్లు ఒక రోజు ముందే ఆ ఊరు చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడ కదలడానికి గంటో గంటన్నరో ముందే ఎక్కేవాళ్ల జాబితా మూసేస్తారు కూడా.

పెట్టెలు, వాటిలో పెట్టకూడనివి

టెర్మినల్ గుమ్మంలోనే పెద్ద పెట్టెలు కూలీలు తీసేసుకుంటారు. అవి మళ్లీ మీ క్యాబిన్ తలుపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం, ఒక్కోసారి రాత్రి భోజనాలూ అయిపోతాయి. అందుకే చేతిలో ఉంచుకునే బ్యాగే ఈ ప్రయాణానికి ప్రాణం. ఆ రోజు రాత్రి వరకు పెట్టెలు రానే రావనుకుని దాన్ని సర్దండి. పాస్‌పోర్టులు, మందులన్నీ, ఆరేడు డైపర్లు, పాలపొడి, ఒక్కొక్కరికి ఒక జత బట్టలు, ఈత బట్టలు, టోపీలు, సన్‌స్క్రీన్, పాపకి నిద్రపోయేటప్పుడు చేతిలో ఉండాల్సిన ఆ మాసిన బొమ్మ. మేం బొమ్మ పెట్టెలో పెట్టాం. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టె వచ్చేదాకా పాప ఇల్లు పీకి పందిరేసింది, పక్క క్యాబిన్ పెద్దాయన పాపం తలుపు తెరిచి చూసి ఏమీ అనకుండా మూసుకున్నారు.

డైపర్లు ఇంట్లో రోజుకి ఎన్ని అవుతాయో లెక్కేసి, దానికి మూడో వంతు కలపండి. ఓడలో దుకాణాలుంటాయి గానీ మీ పిల్ల సైజు దొరుకుతుందని నమ్మకం లేదు. పాలపొడి, సీసాల్లో పిల్లల ఆహారం సీలు విప్పకుండా తెచ్చుకుంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ఇంట్లో వండినవి మాత్రం ఎక్కనివ్వరు. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, కొవ్వొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే భాగం) ఉన్న పవర్ స్ట్రిప్ తనిఖీలో ఆపేస్తారు. నిప్పంటే ఓడవాళ్లకి అంత భయం మరి. థర్మామీటర్, జ్వరం మందు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి.

చాలామందికి తోచని వస్తువు ఒకటి చెప్తాను: అయస్కాంతం కొక్కేలు. క్యాబిన్ గోడలు చాలావరకు ఉక్కువే. నాలుగు కొక్కేలు గోడకి అంటిస్తే తడి ఈత బట్టలు, టోపీలు, బ్యాగులు అన్నీ నేల వదిలి గోడ ఎక్కుతాయి. స్ట్రోలర్ సన్నగా మడిచేది పట్టుకెళ్లండి, పెద్దది క్యాబిన్ తలుపులో పట్టదు, కారిడార్‌లో వదిలేస్తే ఒప్పుకోరు. స్నానాలతొట్టి చాలా క్యాబిన్లలో ఉండదు, ఇరుకైన షవరే. షవరంటే ఏడ్చే పిల్ల అయితే గాలి ఊదే చిన్న తొట్టి పనికొస్తుంది.

ఎక్కే పూట, గంట గంటకీ

ఆన్‌లైన్ చెకిన్ తెరిచిన రోజే ఎక్కే సమయం ఎంచుకోండి. అందరూ తొలి గంటకే ఎగబడతారు. మీ పిల్ల మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకునేదైతే పదకొండుకి చేరుకోండి, లేదా నిద్ర ముగించుకుని రెండున్నరకి. సరిగ్గా ఒంటిగంటకి క్యూలో నిలబడడం మేం చేసిన పని.

ఓడలోకి అడుగు పెట్టగానే క్యాబిన్ సిద్ధంగా ఉండదు, శుభ్రం చేస్తుంటారు. సాధారణంగా ఒంటిగంట, ఒకటిన్నర దాటాకే తెరుస్తారు. ఆలోపు అందరూ పైనున్న బఫేకే వెళ్తారు, లిఫ్టుల దగ్గర జాతరే. అదే సమయంలో కింది డెక్కులో మామూలు భోజనశాల కూడా తెరిచి ఉంటుందేమో అడగండి, చాలా ఓడల్లో ఉంటుంది. కూర్చోబెట్టి వడ్డిస్తారు, పళ్లెంతో పరుగులు తీయక్కర్లేదు.

తిన్నాక నేరుగా పిల్లల క్లబ్బుకి వెళ్లి పేర్లు రాయించండి. మొదటి రోజు మధ్యాహ్నం తల్లిదండ్రులతో సహా లోపలికి వెళ్లి చూసే వేళ ఉంటుంది. పిల్లాడు మీ చెయ్యి పట్టుకుని ఒకసారి బొమ్మలన్నీ ముట్టుకుంటే మర్నాడు వదిలేటప్పుడు సగం ఏడుపు తగ్గుతుంది. ఎవరు వస్తే పిల్లాణ్ణి పంపాలో, ఏ రహస్య పదం చెప్పాలో, ఏ ఆహారం పడదో అక్కడే రాసిస్తారు. నర్సరీ గంటలు కావాలంటే కూడా ఆ పూటే, ముందే అయిపోతాయి.

ఆ తర్వాత మస్టర్ డ్రిల్. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే కసరత్తు ఇది, తప్పించుకోవడానికి వీల్లేదు. ఒకప్పుడు ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకుని ఒరిగిపోయింది, 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగనేలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో జరిగి తీరాలి. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోన్‌లోనో టీవీలోనో చూసి, మీ చోటుకి వెళ్లి కార్డు చూపించి వస్తే సరిపోతుంది. ప్రమాదం వచ్చిందని చెప్పడానికి ఓడ కూత ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగుతుంది. పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పి, నోటితో కూయించండి. మా వాడికి అది ఆటయిపోయి ప్రయాణమంతా కూస్తూనే ఉన్నాడు. పిల్లల చేతికి చేరాల్సిన చోటు అంకె ఉన్న పట్టీ కడతారు, అది ఆఖరి రోజు దాకా విప్పకండి. మీ పిల్ల సైజు లైఫ్ జాకెట్ ఎక్కడుందో అక్కడే అడిగి కళ్లతో చూసుకోండి, క్యాబిన్‌లో ఉన్నవి తరచు పెద్దవాళ్లవే.

ఓడ కదిలేలోపు ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. నడిసముద్రంలో ఫోను ఓడ ఉపగ్రహ నెట్‌వర్కుని పట్టుకుంటే దాని రోమింగ్ బిల్లు వేరే కథ. ఇక ఓడ రేవు వదిలే వేళకి పైడెక్ మీదికి వెళ్లాలని అందరికీ ఉంటుంది. పిల్లలు అప్పటికే అలసిపోయి ఉంటే వెళ్లకండి. క్యాబిన్ కిటికీలోంచో కింది డెక్ నుంచో చూసినా ఒడ్డు అలాగే వెనక్కి జరుగుతుంది.

నడుమ రోజులు

రోజుకి ఒక్క పెద్ద పని పెట్టుకోండి. పూల్ అయితే పూల్, నాటకం అయితే నాటకం. పగటి నిద్రని కదిలించొద్దు. ఓడవాళ్లు రాత్రి ఇచ్చే మర్నాటి కార్యక్రమాల కాగితంలో అరవై ఉంటాయి, వాటిలో ఒకదాని చుట్టూ గీత గీసుకుని, మిగతా కాగితంతో పిల్లలకి పడవలు చేసివ్వండి.

పూల్ దగ్గర లైఫ్‌గార్డు ఉంటారని అనుకోవద్దు. కొన్ని సంస్థలు పెడతాయి, చాలా ఓడల్లో ఉండరు. మీలో ఒకరి కళ్లు నీళ్లమీదే ఉండాలి, చేతిలో ఫోన్ ఉండకూడదు. ఊపు ఎక్కువైన రోజు పూల్‌కి వల కట్టేస్తారు, నీళ్లు తోడేస్తారు. ఆ నిరాశకి ఇంకో ఆట సిద్ధంగా ఉంచుకోండి. మా వాడికి కారిడార్ తివాచీ పనికొచ్చింది. దాని మీద చేపల బొమ్మలున్నాయి, అన్నీ ఒకే వైపు, ఓడ ముందు భాగం వైపు ఈదుతున్నట్టు. దారి తప్పినప్పుడల్లా వాడు వంగి చేపని చూసి, ‘అమ్మా, ముందు ఇటు’ అనేవాడు. నాకంటే ముందు ఓడ వాడికే అర్థమైంది.

రాత్రి భోజనానికి రెండు విడతలుంటే తొలి విడత తీసుకోండి, అయిదున్నరకో ఆరింటికో మొదలవుతుంది. రెండోది ఎనిమిది దాటాకే, అప్పటికి పిల్లలు పళ్లెంలో తల పెట్టి పడుకుంటారు. వడ్డించే మనిషికి మొదటి రాత్రే ఒక మాట చెప్పండి: మేం కూర్చోగానే పిల్లలకి పెట్టేయండి, మా సంగతి తర్వాత. రెండో రాత్రి నుంచి అడక్కుండానే తెస్తారు. ఏదైనా పదార్థం పడని పిల్లలుంటే టికెట్ కొన్నప్పుడే రాయించినా, మొదటి రాత్రి భోజనశాల పెద్దకి ఎదురుగా మళ్లీ చెప్పండి.

పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కలిసి ‘అయిదు నిమిషాలు’ బయటికి వెళ్లొద్దామనిపిస్తుంది. వద్దు. బేబీ మానిటర్ ఉందిగా అంటారేమో, కొక్కేలు అంటుకున్న ఆ ఉక్కు గోడలే దాని సిగ్నల్‌ని కూడా ఆపేస్తాయి. వంతులేసుకోవడమొకటే మార్గం.

వాంతులు రెండు రకాలు

మొదటిది ఊపు వల్ల. రెండేళ్లలోపు పిల్లలకి ఇది అరుదు. 2 నుంచి 12 ఏళ్ల మధ్య వాళ్లకే ఎక్కువ. చిన్నపిల్లలు కడుపులో తిప్పుతోందని చెప్పలేరు. గలగలా మాట్లాడే పిల్లాడు ఉన్నట్టుండి మాట మానేసి, ఆవలిస్తూ, మొహం పాలిపోయి చొంగ కారుస్తుంటే అదే. వెంటనే చేతిలో టాబ్ లాక్కుని, ఓడ నడుమన గాలి తగిలే చోటికి తీసుకెళ్లి, దూరాన నీళ్లూ ఆకాశం కలిసే గీతని చూపించండి. పొడి బిస్కెట్టు కొరికించండి, ఖాళీ కడుపు ఇంకా తిప్పుతుంది. మందు విషయంలో బయల్దేరకముందే పిల్లల డాక్టరుని అడిగి మోతాదు రాయించుకోండి. వీలైతే వాళ్లనడిగే ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి, ఆ మందులకి కొందరు మత్తుగా పడుకుంటే కొందరు పిల్లలు ఎగురుతారు. చెవి వెనక అంటించే పెద్దవాళ్ల ప్యాచ్ పిల్లలకి వేయకూడదు.

రెండోది నోరోవైరస్, వాంతులూ విరేచనాలూ తెచ్చే అంటురోగం. ఓడలో ఒకరికి వస్తే నలుగురికి పాకుతుంది. బఫే గుమ్మంలో చేతిలో చిమ్మే శానిటైజర్ దీనిమీద పెద్దగా పనిచేయదు, సబ్బూ నీళ్లే పనిచేస్తాయి. లిఫ్టు మీటలు, మెట్ల రెయిలింగ్ పట్టుకున్న చేతులతోనే పిల్లలు తింటారు కాబట్టి తినే ముందు ప్రతిసారీ సింకు దగ్గరికే. విరేచనాలు, వాంతులు పట్టుకుంటే దాచకుండా సిబ్బందికి చెప్పండి, క్యాబిన్ వేరే విధంగా శుభ్రం చేస్తారు. అమెరికా రేవులకు వచ్చే ఓడల్ని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు చెప్పకుండా వచ్చి తనిఖీ చేసి 100కి మార్కులు వేస్తారు, 85 వచ్చినా తప్పినట్టే. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. మీ ఓడకి ఎంత వచ్చిందో టికెట్ కొనేముందే చూసుకోండి.

రేవులో దిగే రోజు

ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటే కాకపోవచ్చు. తిరిగి ఎక్కాల్సిన వేళ ఓడ గడియారం ప్రకారమే చెప్తారు. ఓడవాళ్లే నడిపే యాత్రలో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది లేదా మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్లది. సొంతంగా వెళ్తే ఆగదు. పిల్లలతో సొంతంగా వెళ్లేవాళ్లు గడువుకి రెండు గంటల ముందే వెనక్కి తిరగండి. రేవులోని ఓడ ఏజెంటు నంబరు ఆ రోజు కాగితంలో ఉంటుంది, ఫొటో తీసుకోండి. లోతులేని రేవుల్లో ఓడ దూరంగా లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. అక్కడ స్ట్రోలర్ మడిచి, పిల్లని ఎత్తుకుని, కదిలే పలకమీద అడుగు వేయాలి. ఒక్కరే పెద్దవాళ్లుంటే ఆ రేవు వదిలేయడం మంచిది.

అసలు దిగకపోవడం కూడా ఒక ఉపాయమే. అందరూ ఒడ్డుకి వెళ్లిపోయిన ఆ నాలుగైదు గంటలు పూల్ ఖాళీ, జారుడుబల్ల దగ్గర క్యూ లేదు, లిఫ్టు పిలవగానే వస్తుంది. మా నాలుగు రోజుల్లో పిల్లలు మహారాజుల్లా గడిపింది ఆ రోజే.

దిగే ముందు రాత్రి

సిబ్బంది రంగు చీటీలిస్తారు. వాటిని పెట్టెలకి కట్టి రాత్రి పది, పదకొండు లోపు తలుపు బయట పెట్టాలి. పొద్దున ఆ రంగు పిలిచినప్పుడు దిగడం. చిన్నపిల్లలున్నవాళ్లు వీలైనంత ఆఖరి రంగు అడగండి. పెట్టెలు మేమే మోసుకుని ముందే దిగిపోతామనే పద్ధతి కూడా ఉంది గానీ, ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో పెట్టెని పట్టుకుని లిఫ్టు కోసం నిలబడేవాళ్లని చూశాక నేనెవరికీ చెప్పను.

సర్దడం రాత్రి భోజనం తర్వాత మొదలుపెట్టకండి, మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడే కానివ్వండి. మొదటి పెట్టె తెరవకముందే మర్నాటికి కావాల్సినవి ఒక మంచం మీద పరిచి పెట్టుకోండి. లోబట్టలతో సహా ఒక్కొక్కరికి ఒక జత, డైపర్లు, పాలు, మందులు, పాస్‌పోర్టులు, పళ్లు తోముకునే బ్రష్‌లు, ఆ మాసిన బొమ్మ. రాత్రికి పిల్లలు పాలు ఒలకబోస్తారు కాబట్టి వాళ్లకి ఇంకో జత. చెప్పులు తలుపు పక్కన వరసగా. లాకర్ తెరిచి చూడండి. పూల్ తువ్వాళ్లు మీ పేరు మీద ఇచ్చి ఉంటే తిరిగివ్వకపోతే డబ్బు పట్టుకుంటారు. బిల్లు కూడా ఆ రాత్రే యాప్‌లోనో టీవీలోనో చూసుకోండి, పొద్దున్నే అతిథి సేవల బల్ల ముందు క్యూ మెట్లదాకా ఉంటుంది. రోజువారీ టిప్పులు తలకింతని అందులోనే పడతాయి, చాలా సంస్థలు పిల్లల తలకి కూడా వేస్తాయి. అది పొరపాటు కాదు.

పొద్దున ఎనిమిదింటికల్లా సాధారణంగా క్యాబిన్ ఖాళీ చేయమంటారు. ఏడింటికే తినేసి రండి. మంచం కింద, తొట్టి మంచం మడతలో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. గోడకున్న కొక్కేలు పీకడం మర్చిపోకండి, మావి రెండు ఇప్పటికీ ఏ సముద్రంలో తిరుగుతున్నాయో.

రెండోసారి వెళ్లినప్పుడు ఈ లెక్కప్రకారమే సర్దాం, చెప్పులు తలుపు పక్కనే వరసగా పెట్టాను. మా పెద్దాడికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి బూట్లు వేసుకునే పడుకున్నాడు.